బేస్ అక్క

ఆమె పోయిందన్న కబురు నాకు హగరి స్టేషన్‌లో అందింది. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నెట్‌వర్కు తీగలు సరిచేసి, బళ్లారి పాసింజరు కోసం బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున పదకొండు దాటి ఉంటుంది. మా కూరెకుప్ప చర్చి పాస్టరు ఫోన్ చేశాడు.

"మీ పక్కింటి అక్క పోయిందప్పా. పాలు కాంచుకుంటా కాంచుకుంటా అట్లే కూలబడిందంట. ఆయమ్మకి ఎవురూ లేరు కదా. నువ్వు జల్దీ వస్తే బాగుంటాది."

"వస్తాండా" అనే ముందు నేను ఒక్క ఊపిరి ఆగాను. అవతలి మనిషి మాట పూర్తిగా ముగిసిందని తేల్చుకున్నాకే నోరు తెరవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఆమె పక్కింట్లో నాలుగేళ్లు మెలిగితే అంటుకున్న అలవాటు. ఫోన్ పెట్టేశాక, ఆ ఆగడం గుర్తొచ్చి, రైలు వచ్చేదాకా తల ఎత్తలేదు.

మర్నాడు సమాధుల తోటకు చర్చివాళ్ల కంటే లారీ డ్రైవర్లే ఎక్కువ మంది వచ్చారు. కొందరు ముసలివాళ్లయిపోయారు. పాస్టరు ప్రార్థనలో ఆమె బాప్తిస్మపు పేరు చదివితే ఒకాయన పక్కవాడి చెవిలో "ఎవురది?" అన్నాడు. "మన బేస్ అక్కప్పా" అన్నాడు రెండోవాడు. ఆమెకు ఆ పేరే సరిపోయింది. ఇక్కడ నేనూ అసలు పేరు రాయను.

సండూరు కొండల్లో ఒక ఇనుపరాయి గని ఉండేది. ఇప్పుడు మూతపడింది. కొండ మీద రాయి నింపుకొని దిగే టిప్పర్లకు, ఖాళీగా ఎక్కే బండ్లకు ఒకటే దారి. మలుపుల్లో ఎదురుపడకుండా ఎవరు ఆగాలో, ఎవరు కదలాలో చెప్పడం ఆమె పని. కింద రేకుల గదిలో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చునేది. బండ్లకు నంబర్లు, ఆమె గదికి 'బేస్' అని పేరు. "బేస్, పద్నాలుగు, రెండో మలుపుకాడ ఉండా" అని పై నుంచి గొంతు వస్తే, "పద్నాలుగు, ఆడ్నే నిలు, ఖాళీ బండి ఎక్కతాంది" అనేది.

ఆ సెట్టులో బటన్ నొక్కి పట్టుకుంటేనే మన మాట పోతుంది. వదిలితేనే ఎదుటివాళ్ల మాట వస్తుంది. ఒకరు నొక్కి ఉన్నంతసేపు ఆ లైన్లో ఇంకెవరి గొంతూ వినపడదు. ఆమె నడవడికంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉండేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎదురుగా కూర్చొని మాట్లాడుతున్నా సరే, మనం చెప్పడం అయ్యాక ఒక క్షణం ఆగేది. ఆ క్షణంలో కొత్తవాళ్లు తడబడేవాళ్లు. ఆమెకు కోపం వచ్చిందేమో, చెవుడేమో అనుకునేవాళ్లు. మా అమ్మ మొదట్లో "ఆయమ్మకి పొగరు" అని తేల్చేసింది. మా కాలింగ్ బెల్లు నొక్కితే, నిప్పు తగిలినట్టు వేలు వెనక్కి లాక్కునేది. 'టింగ్' అని సగం మోగేది. సగం బెల్లు మోగితే ఆమే వచ్చిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. చర్చిలో స్త్రీల కూటంలో మిగతావాళ్లు కళ్లనీళ్లతో పావుగంటసేపు ప్రార్థన చేసేవాళ్లు. ఆమె ప్రార్థన మూడు వాక్యాలు దాటేది కాదట. ఎందుకక్కా అని ఒకసారి నేనే అడిగాను.

"దేవునితో మాట్లాడాల్సినోళ్లు శానామంది ఉంటారు కదప్పా. లైను మనమే పట్టుకోని కూచుంటే యట్ల?"

నవ్వుతూ అన్నదేమోనని మొహం చూశాను. నవ్వలేదు.

నాకూ ఆమెకూ స్నేహం కలిసింది మా ఆట వల్ల. నాకు కంప్యూటర్లో విమానం నడిపే పిచ్చి ఉంది. తెరమీద విమానం లోపలి అద్దాలు, ముళ్లు, మీటలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనపడతాయి. చేతిలో స్టిక్కు పట్టుకొని నిజం పైలట్‌లాగే లేపాలి, దించాలి. బళ్లారిలో ఒకడు, తోరణగల్లులో ఒకడు, గుంతకల్లులో ఒకడు, నేను. నలుగురం ఎవరిళ్లలో వాళ్లు కూర్చొని ఇంటర్నెట్టు మీద ఒకే ఆకాశంలో ఎగిరేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలు. నిజం రేడియోలాగే ఉండాలని, బటన్ నొక్కితేనే మాట పోయేటట్టు, ఒకరు నొక్కితే ఇంకొకరిది వినపడకుండా పెట్టుకున్నాం. తీరా ఆడేటప్పుడు నలుగురం ఒకేసారి నొక్కి అరిచేవాళ్లం. స్పీకరులో కీచుమనే శబ్దం తప్ప ఏమీ వచ్చేది కాదు.

ఒక ఆదివారం ఆ కీచు మధ్యలో బెల్లు సగం మోగింది. ఆమె ఆరాధన నుంచి వచ్చి అన్నం తిని, నడుం వాల్చబోయి, లేచి వచ్చినట్టుంది. తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"ఏందప్పా ఇది? అందరూ నొక్కితే వినేదెవురు?"

ఆట గురించి చెప్పాను. తెర వైపు చూసింది. నాలుగు చుక్కలు మ్యాపు మీద కదులుతున్నాయి.

"ఈ బండ్లు ఎవురెవురివి?"

"బండ్లు కాదక్కా, విమానాలు."

"ఏదైతే ఏంది. నంబర్లు ఉండాయా?"

కుర్చీ లాక్కొని కూర్చుంది. హెడ్‌ఫోను చెవులకు పెట్టుకొని, బటన్ ఎక్కడని అడిగి, నొక్కింది. "అందరూ గమ్మునుండండి. నేను పిలిచినోడే మాట్లాడాల." స్పీకరు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆమె ఒక్కొక్కణ్ణి పిలిచి, ఎక్కడున్నావు, ఎటు పోతాండావు అని అడిగి, ముందు ఎవరు దిగాలో, ఎవరు కొండ చుట్టూ ఒక తిరుగు తిరిగి రావాలో చెప్పింది. ఆ రోజు మొదటిసారి నలుగురం ఎవరినీ గుద్దకుండా దిగాం. బళ్లారి మిత్రుడు తర్వాత ఫోన్ చేసి "ఎవరు రా ఆ మేడమ్?" అని అడిగాడు. వాడి గొంతులో భయం, గౌరవం రెండూ ఉన్నాయి.

మరుసటి వారం నుంచి ఆమే మా కంట్రోలరు. తన ఇంట్లో కంప్యూటరు పెట్టించుకుంది. జీవితంలో విమానం ఎక్కని మనిషి, విమానాశ్రయాల పటాలు నాతో కాగితాల మీద అచ్చు తీయించుకొని, బైబిల్లో వచనాల కింద గీతలు గీసే ఎర్ర పెన్సిలుతోనే వాటి మీదా గీసుకునేది. కానీ ఎన్ని పటాలు చదివినా, ఆమెకు అవి బండ్లే. "ఏడో బండి, నువ్వు దిగు. మూడో బండి, తొందరేముండాది, నిలు." గాలిలో విమానం నిలవదక్కా అని గుంతకల్లు మిత్రుడు అంటే ఒక క్షణం ఆగి, "అయితే తిరుగుతా ఉండు" అనేది.

ఆమె ఎంత చక్కగా నడిపేదంటే, మేం ఆట సంగతి మరిచి ఆమె గొంతు కోసం వచ్చేవాళ్లం. ఎవర్నీ తిట్టేది కాదు. ఎవరెంత తప్పు చేసినా లైన్లో ఒక్క మాట అనేది కాదు. ఆట ముగిశాక ఫోన్ చేసి చెప్పేది. ఆ ఓపిక ఆమె స్వభావమనుకున్నాను.

ఆ రోజుల్లో నా కంప్యూటరు పాతబడింది. విమానం నడిపే బరువుకు అది చాలక, మాట్లాడే ప్రోగ్రామును పక్కనున్న లాప్‌టాప్‌లోకి మార్చాను. చిక్కేమిటంటే, స్టిక్కు మీదున్న మాట్లాడే బటన్ కంప్యూటరుకు తగిలించి ఉంది, మైకేమో లాప్‌టాప్‌లో ఉంది. అందుకని చిన్న ప్రోగ్రాము రాసుకున్నాను. నేను బటన్ నొక్కగానే కంప్యూటరు ఇంట్లోని వైఫై మీద లాప్‌టాప్‌కు 'నొక్కాడు' అని ఒక కబురు పంపుతుంది. లాప్‌టాప్ మైకు తెరుస్తుంది. వేలు తీయగానే 'వదిలాడు' అని ఇంకో కబురు. లాప్‌టాప్ మైకు మూస్తుంది. రాసింది నేనే కాబట్టి నాకు దాని మీద గర్వం కూడా ఉండేది.

ఒక ఆదివారం 'నొక్కాడు' చేరింది. 'వదిలాడు' దారిలో ఎక్కడో పోయింది.

నాకు తెలియలేదు. నేను వేలు తీసేశాను. లైనులో ఎవరూ మాట్లాడటం లేదు, అంతా ప్రశాంతంగా ఉందనుకొని విమానం నడుపుకుంటున్నాను. అవతల నలుగురికీ నా గదిలోని ఫ్యాను శబ్దం, మా వంటింట్లో కుక్కరు కూత, మా ఆవిడ ఎవరితోనో ఫోన్లో మాట్లాడటం వినపడుతోంది. ఇంకేదీ వినపడటం లేదు. ఇద్దరు ఒకే రన్‌వే మీదికి ఎదురెదురుగా దిగుతున్నారు. ఆమె బటన్ నొక్కుతోంది, చెబుతోంది, ఎవరికీ చేరడం లేదు.

బెల్లు మోగలేదు. తలుపు దబ్బున తెరుచుకుంది. చెప్పులు లేని కాళ్లతో, జారిన కొంగుతో ఆమె గదిలోకి వచ్చి, లాప్‌టాప్ వెనకనున్న తీగలన్నీ గుప్పిట పట్టి ఊడబెరికింది. లాప్‌టాప్ మంచం మీద పడింది. 

"అక్కా, ఏమైంది? ఆటే కదా!" అన్నాను నవ్వబోతూ.

ఆమె నా వైపు చూసిన చూపులో నేను లేను. ఎవరో ఉన్నారు. తీగలు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

రెండు ఆదివారాలు ఆమె రాలేదు. మూడో వారం నేనే వెళ్లాను. నడవలో కూర్చొని చిక్కుడుకాయలు వొలుస్తోంది. పక్కన పీట మీద కూర్చొని తప్పయింది అన్నాను. కాయలు వొలవడం ఆపి, చేతులు తుడుచుకొని, మొదలుపెట్టింది. ఆమె అంతసేపు మాట్లాడగా నేను అదొక్కసారే విన్నాను.

"గనిల ఒగ పొద్దు వాన పడి నిలిచిండె. దారంతా ఎర్ర బురద. పంతొమ్మిదో బండివాడు వరస తప్పించి ముందుకి దూరినాడని నాకి కోపమొచ్చె. బటన్ నొక్కి వాన్ని తిట్టేకి మొదలుపెడితి. సిగ్గుండాదా నీకు, నీ ఎనక నిలిచిండేవాళ్లు మనుషులు కాదా అని. తిట్టిండేదే మళ్లా తిట్టినా. మాట అయిపోయి వేలు తీస్తి. తీసేతలికి సెట్టుల 'బేసూ' అని సగం మాట వినపడె. అంతే. ఇంగేమీ రాలా."

నేను ఆగాను. ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

"తిప్పన్న అని కొత్త డ్రైవరు. చోరనూరు. పనికి సేరి పది దినాలు గూడ కాలేదు. నిండు బండితో దిగుతాంటే బ్రేకు పోయింది. మూడో మలుపుకాడ ఎడమ తట్టు మట్టి గుట్ట ఏసిండారు, ఇట్లాంటి బండ్ల కోసరమే. దానిమీదికి ఎక్కిస్తే బండి కూరుకోని నిలుస్తాది. పాతోళ్లకి తెలుసు. వానికి తెలీదు. 'ఎడమకి కొట్టు, మట్టి ఎక్కించు.' నేను చెప్పాల్సింది ఇంతే కదప్పా. అంతకు ముందు ఇద్దరికి చెప్పిండా. ఇద్దరూ బతికిండారు."

"బ్రేకు పోయిందానికి నువ్వేం చేస్తావక్కా?"

"అందరూ అదే అనిరి. విచారణకి వచ్చినోళ్ల ముందర నేనే లేసి చెప్పినా, వాడు పిలుస్తాంటే లైను నా వేలి కింద ఉండె అని. అది మేము అడగలేదమ్మా, కూచో అనిరి. బ్రేకు ఫెయిలని రాసుకోని పోయిరి."

తర్వాత ఆమె గనిలో ఒక పద్ధతి పెట్టిందట. దిగే ప్రతి బండీ ప్రతి మలుపులోనూ తన నంబరు చెప్పాలి. ఏ మలుపులోనైనా మాట రాకపోతే బేస్ అన్ని బండ్లనీ ఆపేస్తుంది. డ్రైవర్లు మొదట విసుక్కున్నారు, తర్వాత అలవాటుపడ్డారు. గని మూతపడేదాకా ఆ దారిలో ఇంకెవరి ప్రాణమూ పోలేదు.

కాయల గిన్నె పక్కకు జరిపి, ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది.

"నువ్వు వేలు తీస్తివి కదా. తీసిండేది ఆ పక్కకి ఎందుకు తెలీలా?"

కబురు దారిలో పోయిందని చెప్పాను. వైఫైలో అప్పుడప్పుడు పోతుంటాయని, పోయినట్టు ఎవరికీ తెలియదని చెప్పాను. ఆమె కొంచెంసేపు ఆలోచించింది.

"అట్లయితే నొక్కినా అని ఒగసారి చెప్పి ఊరుకోగూడదు. నొక్కే ఉండా, నొక్కే ఉండా అని చెప్తానే ఉండాల. ఆ మాట నిలిచిపోతే వదిలినట్టే అనుకోవాల."

నేను చదువుకున్నవాణ్ణి. ఆ ముక్క నాకు తట్టలేదు. ఆ సాయంత్రమే ప్రోగ్రాము మార్చి రాశాను. వేలు బటన్ మీద ఉన్నంతసేపు కంప్యూటరు సెకనుకు పదిసార్లు కబురు పంపుతూనే ఉంటుంది. కబురు రావడం ఆగిన మరుక్షణం లాప్‌టాప్ తనంతట తానే మైకు మూసేస్తుంది. ఆమెను పిలిచి చూపించాను. బటన్ నొక్కిపట్టి, వైఫై పెట్టె తీగ పీకాను. మైకు గుర్తు ఆరిపోయింది.

"మళ్లా తియ్యి" అంది.

ఏడుసార్లు తీయించింది. ఏడుసార్లూ ఆరింది. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. ఆ తర్వాతి ఆదివారం మళ్లీ హెడ్‌ఫోను పెట్టుకుంది.

ఆ తర్వాత కొన్ని వారాలకు ఒకటి జరిగింది. గుంతకల్లు మిత్రుడు ఆటలో తనకే ముందు తెలియకుండా విమానంలో ఏదో ఒకటి చెడిపోయేటట్టు అమర్చుకున్నాడు. కొండల మీద మబ్బులో ఉండగా వాడి ఇంజను ఆగింది. "బేస్, ఇంజన్ పోయింది" అన్నాడు. వాడిది నటనే, అయినా గొంతు బాగా వణికింది. నేను ఆ రోజు ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఆమె పటం వైపు ఒక్క చూపు చూసింది. నొక్కింది.

"మూడో బండి, ఎడమకి తిరుగు. ముక్కు కొంచెం దించు. నీ ముందర చిన్న రన్‌వే ఉండాది. గాబరా పడాకు." వేలు తీసింది. వాడి మాట విన్నది. మళ్లీ నొక్కింది. "బాగుండాది. అట్లే రా."

వాడు దిగాడు. "దిగినా అక్కా!" అని అరిచాడు. ఆమె హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగి, "నిజంగా దిగినాడా?" అని అడిగింది. దిగాడక్కా అన్నాను. లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపు నీళ్లు పడుతున్న చప్పుడు వినపడింది. బయటికి వచ్చినప్పుడు మొహం కడుక్కొని ఉంది.

ఆ ఏడాది ఆగస్టులో "చోరనూరుకి పోవాల, తోడు వస్తావా అప్పా" అని అడిగింది. అప్పటిదాకా యేటా తిప్పన్న పోయిన రోజున ఒక్కతే బస్సులో వెళ్లి వస్తోందని అప్పుడే తెలిసింది. నా వ్యానులో వెళ్లాం. ఒళ్లో రొట్టె, అరటిపండ్ల సంచి పెట్టుకొని, దారి పొడవునా కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చుంది.

తిప్పన్న భార్య పేరు హనుమక్క. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. మేం వెళ్లేసరికి గిన్నెలు కడిగి అప్పుడే ఇల్లు చేరింది. చీర అంచు ఇంకా తడిగా ఉంది. కాలేజీలో చదువుతున్న కూతురు మమ్మల్ని చూసి, మాట్లాడకుండా లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. హనుమక్క చాప పరిచింది. నీళ్లిచ్చింది. కాసేపు వాన గురించి, మొక్కజొన్న గురించి మాట్లాడుకున్నారు. తిప్పన్న పేరు ఎవరూ ఎత్తలేదు. గోడకు ఫొటో ఉంది, దండ ఉంది.

ఉన్నట్టుండి హనుమక్క అంది.

"అక్కా, ఒగ మాట చెప్తా, బేజారు చేసుకోవద్దు. ఇంగ నువ్వు రావద్దక్కా."

ఆమె కదల్లేదు. హనుమక్క మాట ఇంకా ముగియలేదు.

"నువ్వొచ్చేకి నాలుగు దినాల ముందర్నుంచే నాకి నిద్ర రాదు. నువ్వు పోయినంక నాలుగు దినాలు అన్నం పోదు. నువ్వు గడప తొక్కినప్పుడల్లా ఆయప్ప మళ్లా సచ్చినట్టే ఉంటాది. పాప గూడ మాట్లాడేది నిలిపేస్తాది. నీ మీద కోపం కాదు. నాకి సాకైపోయింది, ఇంగ చాలు."

ఆమె ఒక్క ఊపిరి ఆగింది. "ఆయ్తు" అంది. సరే అనడానికి మా వైపు కన్నడంలో అనే మాట. లేచి, సంచి గోడ పక్కన ఆనించి, ఫొటో వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుంది.

తిరిగి వస్తూ, సండూరు దాటాక ఆపుకోలేక నేనే అన్నాను.

"ఏదో బాధల అనిందిలేక్కా. వచ్చే యేడు పోదాం."

"చెప్పిండేది విన్నా కదప్పా."

"అయినా…"

"రావద్దంటే రావద్దని అర్థం. దానికి ఇంగో అర్థం నేనెందుకు ఎతకాల? ఇన్నేండ్లు నా మనసు బరువు దించుకునేకి పోయి ఆయమ్మ మీద పెట్టొస్తి."

ఆ తర్వాత వచ్చిన రెండు ఆగస్టుల్లోనూ ఆమె చోరనూరు వెళ్లలేదు. ఆ రోజు మాత్రం వాకిలి తెరిచేది కాదు. మా అమ్మ సాయంత్రం పులుసో చారో పంపిస్తే, గిన్నె అలాగే మూత తీయకుండా మర్నాడు తిరిగొచ్చేది.

ఇక్కడ నా గురించి ఒకటి చెప్పాలి. పోయిన ఏడాది చోరనూరు బడిలో కంప్యూటర్లు అమర్చే పని పడి నేను రెండు రోజులు అక్కడున్నాను. మధ్యాహ్నం హనుమక్కే నాకు అన్నం పెట్టింది. గుర్తుపట్టింది. సాంబారు పోస్తూ, ఎవరూ వినకుండా, "ఆయమ్మ బాగుండాదా?" అని అడిగింది. బాగుందన్నాను. "అడిగితినని చెప్పు" అంది. తల ఊపాను.

ఇంటికొచ్చి చెప్పలేదు. చెబితే మానుతున్న పుండును కెలికినట్టవుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఆ రోజుల్లో ఆమె కొంచెం తేలిగ్గా ఉంటోంది. మా ఆదివారాలు సాఫీగా సాగుతున్నాయి. వాటిని పాడుచేసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆమెను సమాధి చేసిన నాలుగో రోజు మధ్యాహ్నం హనుమక్క కూరెకుప్పలో బస్సు దిగి, ఇల్లు వాకబు చేసుకుంటూ వచ్చింది. ఎవరో డ్రైవరు ద్వారా ఆలస్యంగా తెలిసిందట. అక్క ఇంటికి తాళం చూసి, మా గడపలో నిలబడింది. మా అమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు.

"యాడ పెట్టినారప్పా? చూపిస్తావా?"

సమాధుల తోటకు తీసుకుపోయాను. మట్టి ఇంకా కుంగలేదు. పైన పూలు ఎండకు నల్లబడ్డాయి. హనుమక్క ఆ కుప్ప వైపు చాలాసేపు చూసి, అడిగింది.

"పోయేకి ముందర నన్ను తలుసుకునిందా?"

"మాట్లాడేకి టైమే లేకపోయె హనుమక్కా. పాలు కాంచుకుంటా పోయింది."

"కోపంల అంటిని నేను. రావద్దని. కోపంల అంటే రాకుండానే పోతారా ఎవురైనా? రెండేండ్లు ఆ దినం వచ్చిందంటే, బస్సు దిగినోళ్లందర్నీ సూస్తాంటి. ఆయప్ప సచ్చి ఇన్నేండ్లాయె. వాళ్ల అన్నదమ్ములే మరిచిపోయిరి. నా కూతురికి మొగం గూడ జ్ఞాపకం లేదు. ఆ దినం గుర్తు పెట్టుకోని నా ఇంటికొచ్చేది ఈయమ్మ ఒగతే కదప్పా." ఆగి, నా వైపు తిరిగింది. "నీతో చెప్పంపితి కదా, బడికొచ్చినప్పుడు. చెప్తివా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది.

"చెప్పలేదు" అన్నాను.

హనుమక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తల పంకించి, చెప్పులు పక్కన విడిచి, సమాధి పక్కన నేల మీద కూర్చుంది. కొంగు సవరించుకొని, నల్లబడిన పూలు ఒక్కొక్కటే ఏరి అవతల పెట్టింది. తర్వాత సగం కన్నడంలో, సగం తెలుగులో, చాలా రోజులకు ఇంటికి వచ్చిన మనిషితో మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టింది. కూతురు పరీక్ష పాసైందని చెప్పడం వరకు విన్నాను. మిగతాది వినే హక్కు నాకు లేదనిపించి గేటు అవతలికి వచ్చి నిలబడ్డాను. ఆమె చాలాసేపు మాట్లాడింది.